ఇది నువ్వు కడతావా?

మా కనకవల్లి పిన్నికి ఎవరైనా చీర పెడితే బుద్ధిగా బొట్టు పెట్టించుకుంటుంది, పళ్లెం అందుకుంటుంది, చీర అంచు వేళ్లతో నలిపి చూస్తుంది. ఆపైన పెట్టినావిడనే అడుగుతుంది: "ఇది నువ్వు కడతావా?"

ఈ ఒక్క ప్రశ్నకి జడిసి పిన్నికి శుభలేఖ పోస్టులో పంపేవాళ్లు రాజమండ్రిలో ఉన్నారు. పెట్టుబడి చీరలంటే కట్టుకునేవి కావని ఎవరికి తెలియదు? ఒకరు మనకి పెట్టింది మనం ఇంకొకరికి పెడతాం. లోకం అలా నడుస్తోంది.

"సంప్రదాయం కదా పిన్నీ, పోనిద్దూ" అన్నాను ఓసారి.

"సంప్రదాయం చీర పెట్టమందిరా, ప్లాస్టిక్ పెట్టమనలేదు. ఇది గోదాట్లో పడేస్తే చేప ముట్టదు, మట్టిలో పాతితే పురుగు ముట్టదు. అక్కడ బండారులంకలో మగ్గం మీద నేసేవాడేమో బేరం లేక కూర్చున్నాడు."

తను ఎవరికైనా పెట్టాలంటే మాత్రం నేత చీరలు ఒకే రకానివి రెండు కొంటుంది. ఒకటి వాళ్లకి, ఒకటి తనకి. అందుకే మా చుట్టాల పెళ్లిళ్లలో సగంమంది ఆడవాళ్లు ఒకే కాన్వెంటులో చదువుతున్నట్టుంటారు.

ఒకసారి ఎవరో చిలకాకుపచ్చ పాలిస్టర్ చీర పెట్టారు. పిన్ని లోపలి కొంగు మూల ఎర్రదారంతో చిన్న ముడి వేసి, "నువ్వే కట్టుకోవే" అని పెట్టినావిడకే తిరిగిచ్చేసింది. ఆ చీర తుని వెళ్లింది, కాకినాడ వెళ్లింది, చివరికి అన్నవరంలో ఎవరిదో వ్రతంలో మళ్లీ పిన్ని ఒళ్లోనే వాలింది.

"నాకన్నా ఎక్కువ ఊళ్లు చూసిందిరా" అంటూ తిన్నగా మా ఇంటికొచ్చి మా ఆవిడ హైమ చేతిలో పెట్టింది. "ఇది నువ్వు కడతావా?"

హైమ మొహమాటస్థురాలు. "కడతానండి, చిన్నత్తయ్యగారూ" అంది.

నెల తిరక్కుండా దసరా వచ్చింది. ఆ చీర మా పనిమనిషి వీరవేణి చేతిలోకి వెళ్లింది.

మొన్న వేసవిలో వీరవేణి కోరుకొండలో రెండు గదుల ఇల్లు కట్టుకుని, గృహప్రవేశానికి అందర్నీ పిలిచింది. వెళ్తుంటే ఆటోలో హైమ పిన్ని చేతులు పట్టుకుని బతిమాలింది.

"చిన్నత్తయ్యగారూ, అక్కడ మాత్రం ఆ మాట అడక్కండి. నలుగురిలో పాపం చిన్నబుచ్చుకుంటుంది."

"అడగనే" అని పిన్ని నామీద ఒట్టేసింది.

భోజనాలయ్యాక వీరవేణి బొట్టు పెట్టి పళ్లెం అందించింది. అందులో చిలకాకుపచ్చ చీర. పిన్ని వేళ్లు అలవాటు కొద్దీ అంచు నలిపాయి. నోరు కూడా అలవాటు కొద్దీ అనేసింది.

"ఇది నువ్వు కడతావా?"

ఒట్టు నామీద కాబట్టి నాకు గుండె దడ మొదలైంది. వీరవేణి మాత్రం నవ్వింది.

"నేనాండీ? ఇంత మంచిది పనిలోకి ఎలా కట్టుకెళ్తానండీ? అమ్మగారిచ్చిన రోజునుంచీ ట్రంకుపెట్టెలో దాచానండి. ఇంటికొచ్చిన పెద్ద ముత్తయిదువకి పెట్టాలనుకున్నానండి."

మడతలోంచి ఎర్రముడి బయటికి కనిపిస్తోంది. నేను చూశాను, హైమ చూసింది. హైమకి భూమిలోకి పోదామన్నంత సిగ్గేసింది. పిన్ని ఆ ముడిమీద బొటనవేలు ఉంచి నెమ్మదిగా లోపలికి తోసేసింది.

"గది ఎటువైపే, వీరవేణీ?" అని లేచింది.

ఐదు నిమిషాల్లో చిలకాకుపచ్చ చీరలో బయటికొచ్చింది. రోహిణి కార్తె ఎండ. వీరవేణి మొహం మతాబులా వెలిగింది. పిన్ని తను తెచ్చిన నేత చీర తీసి ఆమె చేతిలో పెట్టింది.

"ఇది నేను కట్టేదే. దాచావంటే ఊరుకోను."

తిరిగొస్తుంటే ఆటోలో పిన్ని చెమటతో తడిసి ముద్దయింది. హైమ బిక్కమొహం వేసుకుని విసురుతోంది.

"ఉక్కగా ఉందా పిన్నీ?" అన్నాను.

"చచ్చిపోతున్నాన్రా" అంది కొంగు సవరించుకుంటూ. "కానీ పాపం, తిరిగి తిరిగి అలిసిపోయిందిరా ఇది. ఇక నా దగ్గరే ఉండనీ."