నేలా గోడా కలిసే చోట

హీట్ గన్ వేడెక్కగానే నేల మీద పరిచే వినైల్ షీటు నుంచి ఒక వాసన వస్తుంది. ప్లాస్టిక్ కాలిన వాసన కాదు. కాలడానికి కాస్త ముందు, షీటు మెత్తబడి చేతికి లొంగే సమయంలో వచ్చే తియ్యటి, కొంచెం వెగటు పుట్టించే వాసన. పోయిన వారం గన్నవరం దారిలో కడుతున్న ఒక చిన్న ఆసుపత్రిలో మా వాళ్ళు ఆపరేషన్ గది నేల పరుస్తుంటే ఆ వాసన వరండాలోకి వచ్చింది. నేను ఫోనులో ఎవరితోనో మాట్లాడుతున్నాను. ఏం చెబుతున్నానో మరిచిపోయి ఆగిపోయాను. అవతలి మనిషి "హలో, హలో" అంటున్నాడు. ఇన్నేళ్ళుగా ఇదే పని చేస్తున్నా, ఆ వాసన తగిలిన ప్రతిసారీ నాకు నాంచారయ్య మేస్త్రీగారు గుర్తొస్తారు. గుర్తొస్తే హాయిగా ఉండదు.

ఆయన పేరు మీరు విని ఉండరు. ఆసుపత్రి కట్టించినవాళ్ళ పేరు గుమ్మం పక్కన పాలరాతి మీద ఉంటుంది. నేల పరిచినవాళ్ళ పేరు ఎక్కడా ఉండదు. అసలు ఆ నేలను పట్టించుకునేదెవరు? కానీ ఈ చుట్టుపక్కల ఆసుపత్రుల్లో మీరెప్పుడైనా నడిచి ఉంటే, ఆయన మోకాళ్ళ మీద పాకుతూ పరిచిన నేల మీద ఒకసారైనా నడిచే ఉంటారు.

నేను మైలవరం దగ్గరి పల్లెటూరి పిల్లను. సివిల్ డిప్లొమా చేసి, పట్నానికొచ్చి గవర్నర్‌పేటలో ఆఫీసున్న ఒక ఫ్లోరింగ్ కాంట్రాక్టరు దగ్గర సైట్ సూపర్‌వైజరుగా చేరాను. మా యజమాని రామ్మోహన్‌గారు. ఆయన దగ్గర హెడ్ మేస్త్రీ నాంచారయ్యగారు. యాభై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉండేవారు. మోకాళ్ళకు పాత సైకిలు ట్యూబు ముక్కలు కట్టుకునేవారు. మొదటి రోజున నేను డ్రాయింగు చేతిలో పెట్టుకుని, చదువుకున్నదాన్నన్న ధీమాతో అడిగాను.

"మేస్త్రీగారూ, షీటు గోడదాకా పరిచి అక్కడ ఒక పట్టీ అంటిస్తే సరిపోతుంది కదా. దీన్ని ఒంపు తిప్పి గోడ మీదికి ఎక్కించడం ఎందుకు? రెండు రోజుల పని పెరుగుతోంది."

అది పాత వార్డు. టైల్స్ పీకేసి కొత్తగా వినైల్ పరచాలి. ఆయన మూలనున్న మాపు కర్ర తెచ్చి నా చేతికిచ్చారు.

"ఒకసారి తుడవండి అమ్మాయిగారూ. ఆ గోడ పక్కన."

నాకు చిన్నతనమనిపించింది. అయినా తుడిచాను. నేల మెరిసింది. ఆయన కూర్చుని, గోడ వెంబడి ఉన్న టైలు పట్టీ కిందికి కత్తి మొన దూర్చి ఒక్క లాగు లాగారు. నల్లగా, జిగటగా ఏదో వచ్చింది.

"ఎన్నేళ్ళ చీమూ రక్తమో, ఎవరిదో," అన్నారాయన, ఆ కత్తిని పాత గుడ్డతో తుడుస్తూ. "ఆయాలు రోజుకి మూడుసార్లు తుడుస్తానే ఉన్నారు. తుడవలేదని తిట్లు కూడా తింటన్నారు. తప్పు వాళ్ళది కాదండీ. మూల ఉన్నంతకాలం మాపు అక్కడిదాకా పోదు. మనం చెయ్యాల్సిందల్లా మూలనేదే లేకుండా చెయ్యడం."

ఆ పనిని మేం కోవింగ్ అంటాం. నేలా గోడా కలిసే చోట గుండ్రటి ప్లాస్టిక్ పట్టీ అంటించి, దాని మీదుగా షీటును వేడిచేసి వంచి, గోడ మీదికి నాలుగు అంగుళాలు ఎక్కించాలి. నేలా గోడా ఒకే షీటైపోతాయి. నీళ్ళు కిందికి దిగడానికి సందు ఉండదు. వినడానికి ఇంతే. చెయ్యబోతే గది నాలుగు మూలల దగ్గరా మనిషి సత్తా తెలిసిపోతుంది. అక్కడ షీటు కోసి, అతుకు వేసి, ఆ అతుకును వేడితో కరిగించి ఒకటి చెయ్యాలి. కాస్త ఎక్కువ వేడైతే మాడుతుంది, తక్కువైతే ఆరు నెలల్లో నోరు తెరుస్తుంది.

ఆయన నాకు ఆ పని నేర్పించారు. సూపర్‌వైజర్లకు మేస్త్రీలెవరూ పని నేర్పరు. నేర్పితే రేపు తప్పులు పడతారని భయం. ఆయనకు ఆ భయం లేదు. "తప్పు పట్టేవాళ్ళు ఒకరుండాలండీ, నాకూ వయసైపోతంది," అనేవారు. నేను మొదటిసారి వేసిన అతుకు చూసి నాకే ముచ్చటేసింది. ఆయన గోరుతో దాని మీద అటూ ఇటూ గీసి, మీటరు పొడవునా కోసి పారేశారు.

"బాగానే ఉంది కదండీ!" అన్నాను, ఏడుపు గొంతుతో.

"కంటికి బాగుంది. గోరుకి ఆగతంది. మళ్ళీ వెయ్యండి."

నాలుగోసారికి గానీ ఆయన గోరు ఆగకుండా జారలేదు. అప్పుడాయన తన టీ గ్లాసులో సగం నా గ్లాసులోకి వంచారు. అంతకుమించిన మెప్పు నాకు ఆ తర్వాత ఎవరి దగ్గరా దొరకలేదు.

ఆయనది నాగాయలంక వైపు ఊరు. తండ్రీ తాతా సముద్రం మీద వేటకు వెళ్ళినవాళ్ళు. ఈ పనిలోకి ఎలా వచ్చారని ఒకసారి భోజనాల దగ్గర అడిగాను. చేపల పులుసు కలిపిన అన్నం ముద్ద చేతిలోనే ఉంచుకుని చెప్పారు. కుర్రతనంలో వాళ్ళమ్మ కాలికి దెబ్బ తగిలి పుండై, పట్నం ఆసుపత్రిలో చేర్చారట. పదకొండు రోజులు ఆమె మంచం పక్కన నేల మీదే పడుకున్నారట.

"రోగి మంచం మీద ఉంటాడు. డాక్టరుగారు నిలబడి చూసిపోతారు. తోడొచ్చినోళ్ళం నేల మీద ఉంటాం. నేల సంగతి మాకే తెలుసుద్దండీ. నా తలకాయ దగ్గరే గోడ మూల. చీమలు అందులోంచే వచ్చేయి. మా అమ్మ కట్టు మీదికి పాకేయి."

"తర్వాత?"

"కాలు తీసేశారు. బతికిందిలెండి, ఏడాది." ముద్ద నోట్లో పెట్టుకున్నారు. మళ్ళీ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు.

మూడేళ్ళు ఆయనతో తిరిగాను. ఈలోగా రామ్మోహన్‌గారు నన్ను ప్రాజెక్ట్ ఇన్‌ఛార్జిని చేశారు. మా నాన్న ఆ మాట ఊళ్ళో అందరికీ చెప్పుకున్నారు. నాకు అప్పగించిన మొదటి పెద్ద పని పట్నంలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రెండు ఆపరేషన్ గదులు. నాంచారయ్యగారు నేలంతా పరిచేశారు. కోవింగుకు కావలసిన గుండ్రటి పట్టీలు మాత్రం రాలేదు. బయటి ఊరి నుంచి రావాలి, లారీ ఎక్కడో ఆగింది. ప్రారంభోత్సవానికి నాలుగు రోజులే ఉంది. ఎవరో పెద్దమనిషి వచ్చి రిబ్బను కత్తిరించాలి, కార్డులు పంచేశారు.

రామ్మోహన్‌గారు సైటుకు వచ్చి, "మామూలు స్కర్టింగు పట్టీ అంటించి, సందులో సిలికాన్ జిగురు కొట్టెయ్యండి. చూడ్డానికి ఒకటే. తర్వాత తీరిగ్గా మార్చుకుందాం," అన్నారు.

"మార్చరండీ," అన్నారు నాంచారయ్యగారు. "ఒకసారి ఆపరేషన్లు మొదలైతే గది ఖాళీ ఇవ్వరు. రోజూ నీళ్ళు పోసి కడుగుతారు. నా చేత్తో వెయ్యను."

రామ్మోహన్‌గారు ఆయనతో వాదించలేదు. నావైపు తిరిగి, "నువ్వు చూసుకో అమ్మా," అని కారెక్కేశారు.

నేను చూసుకున్నాను. ముందు బతిమాలాను. "మేస్త్రీగారూ, ఈ ఒక్కసారికి నా కోసం. నా మొదటి పని ఇది."

"నీళ్ళకి ఒక్కసారి చాలండి అమ్మాయిగారూ." ఆయన గొంతులో కోపం లేదు. "వారం ఆపించండి. కావాలంటే నేనొచ్చి ఆసుపత్రివాళ్ళకి చెప్తా. నా మీద పెట్టుకోండి."

నేను అడగలేదు. ఆసుపత్రివాళ్ళ దగ్గరకు వెళ్ళి వారం గడువు అడిగే ధైర్యం నాకు లేకపోయింది. పైగా అది చేతకానితనంలా కనిపిస్తుందని భయం. ఆయన కత్తులు, రోలరు సంచిలో సర్దుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు. వేరే ఇద్దరిని పిలిపించి ఒక్క రోజులో పట్టీలు అంటించేశాను. పని పూర్తయినట్టు ఇచ్చే కాగితంలో మేస్త్రీ పేరు దగ్గర మొదటి నుంచీ నాంచారయ్య అనే టైపు చేసి ఉంది. కింద కోవింగ్ అన్న గడి ఉంది. ఆ గడిలో టిక్కు పెట్టాను. అడుగున సంతకం చేశాను. రిబ్బను కత్తిరించిన రోజు నేను పట్టుచీర కట్టుకుని ఆ గదిలో ఫొటో దిగాను.

వానాకాలం వెళ్ళేసరికి గోడల వెంబడి సిలికాన్ ఊడింది. కడిగిన నీళ్ళు కిందికి దిగి, షీటు ఉబ్బింది. ఎత్తి చూస్తే అడుగంతా నల్లగా బూజు. ఆ నెలలోనే ఆపరేషన్ చేయించుకున్న ఇద్దరికి కుట్ల దగ్గర చీము పట్టింది. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో ఎవరూ తేల్చలేదు. గది మాత్రం మూసేశారు. మమ్మల్ని పిలిపించారు.

వెళ్ళే దారిలో కారులో రామ్మోహన్‌గారు ఒకే మాట అన్నారు. "నువ్వేం మాట్లాడకు. కాగితం మాట్లాడిద్ది."

ఆసుపత్రి మేనేజరు గదిలో నాంచారయ్యగారు అప్పటికే నిలబడి ఉన్నారు. ఆయనను కూర్చోమనలేదు. మేనేజరు కాగితం తిప్పి చూపించి, "నీ పేరే కదా ఇది? ఇదేనా నువ్వు చేసిన కోవింగు?" అని గద్దించాడు.

"నేల నేను పరిచానండీ. గోడ పని నేను చెయ్యలేదు. వద్దని చెప్పి వెళ్ళిపోయా." ఆయన నావైపు చూశారు. "ఈ అమ్మాయిగారిని అడగండి. ఆవిడకి తెలుసు."

అందరూ నావైపు తిరిగారు. ఆయన ముఖంలో ఆందోళన లేదు. నేను నిజం చెబుతానన్న విషయంలో ఆయనకు ఏ సందేహమూ లేదు. ఆ ముఖం చూస్తూనే నేను అన్నాను.

"ఆ సైటుకి మేస్త్రీ ఆయనేనండీ."

అబద్ధం కాదు. అందుకే ఆ వాక్యాన్ని ఎంచుకున్నాను. ఎవరైనా రేపు నిలదీస్తే తప్పించుకోవడానికి వీలుగా, ఆ రెండు క్షణాల్లోనే, ఎంతో తెలివిగా ఎంచుకున్నాను. ఆయన నన్ను ఇంకొంచెంసేపు చూసి తల దించుకున్నారు. ఇలాంటి కబురు కాంట్రాక్టర్ల మధ్య ఎంతసేపట్లో పాకుతుంది? ఆసుపత్రి గది పాడుచేసిన మేస్త్రీ అన్న పేరు వచ్చాక ఆయనను ఎవరూ పిలవలేదు. నా జీతం పెరిగింది.

మూడేళ్ళు ఆగి ఆయనను వెతుక్కుంటూ వెళ్ళాను. నాగాయలంక అవతల ఒక రొయ్యల షెడ్డులో పని చేస్తున్నారు. ఐసులో చేతులు పెట్టి రొయ్యలను సైజుల వారీగా ఏరుతున్నారు. వేళ్ళ చివర్లు పగిలి తెల్లగా ఉన్నాయి. నన్ను చూసి లేచి, చేతులు లుంగీకి తుడుచుకుని, "రండి మేడంగారూ," అన్నారు. ఆ 'మేడంగారూ' నాకు తిట్టుకన్నా ఎక్కువగా తగిలింది. దారి పొడవునా వల్లె వేసుకున్నదంతా గబగబా చెప్పేశాను. తప్పు నాదని, భయపడ్డానని, నిద్ర పట్టడం లేదని. ఆయన పూర్తిగా విన్నారు.

"ఆరోజు ఆ గదిలో ఎంతమంది ఉన్నారండీ?"

"నలుగురు."

"మరి ఇది నాకెందుకు చెప్తన్నారు? నాకు తెలిసిందే కదా. తెలియనోళ్ళకి చెప్పండి." వెనక్కి తిరిగి మళ్ళీ ఐసు ముందు కూర్చున్నారు.

తెలియనివాళ్ళకు చెప్పడానికి నాకు ఇంకో ఎనిమిది నెలలు పట్టింది. జరిగినదంతా రాసి ఆసుపత్రికి ఒకటి, రామ్మోహన్‌గారికి ఒకటి ఇచ్చాను. రామ్మోహన్‌గారు చదివి, నన్ను ఎగాదిగా చూసి, "రేపటి నుంచి రావద్దు," అన్నారు. ఆసుపత్రి మేనేజరు మారిపోయాడు. కొత్తాయన ఫోను చేసి, "ఆ నేల ఎప్పుడో మార్చేశామండీ. ఆ మేస్త్రీ ఎవరో కూడా నాకు తెలీదు. ఇప్పుడెందుకండీ ఇదంతా?" అని విసుక్కున్నాడు. నా నిజానికి దక్కిన విలువ అంతే. అవసరమైన రోజున ఒక్క మాటగా చెప్పి ఉంటే ఒక మనిషి బతుకు నిలబడేది. ఆలస్యమయ్యాక మూడు పేజీలు రాసినా ఎవరికీ అక్కర్లేకపోయింది.

సొంతంగా చిన్న పని మొదలుపెట్టినప్పుడు ఆయన ఇంటికి ఫోను చేసి, పనికి రమ్మని అడిగాను. ఆయన భార్య ఎత్తింది. పక్కకు వెళ్ళి అడిగి వచ్చి, "వేళ్ళు పట్టు తప్పినయ్యంట అమ్మా, కత్తి నిలవట్లేదంట. రానన్నాడు," అంది. ఆయన ఫోను దగ్గరకు రాలేదు. రెండేళ్ళ తర్వాత ఆయన పోయారని కూడా ఎవరో సైటులో మాటల మధ్య చెబితే తెలిసింది. కబురు పంపాల్సినవాళ్ళ లెక్కలో నేను లేను.

నన్ను ఆయన క్షమించారని చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. వెతకడం కూడా మానేశాను. పని మాత్రం ఆయన నేర్పినట్టే చేస్తున్నాను. పట్టీలు రాకపోతే పని ఆపుతాను. రెండుసార్లు కాంట్రాక్టులు పోయాయి, పోనిచ్చాను. కొత్తగా చేరినవాళ్ళు మూల అతుకు చూసి, "ఇది మీకెవరు నేర్పారు మేడం?" అని అడుగుతారు. ఆయన పేరు చెబుతాను. "ఇప్పుడెక్కడుంటారు?" అంటారు. పోయారని చెప్పి ఊరుకోవచ్చు, అది అబద్ధం కాదు. కానీ అబద్ధం కాని మాటలు ఎంత పని చేస్తాయో నాకు తెలుసు. అందుకని వాళ్ళను కూర్చోబెట్టి, ఆ మేనేజరు గదిలో నేనన్న వాక్యంతో సహా మొత్తం చెబుతాను. వింటూ వింటూ వాళ్ళు నా ముఖంలోకి చూడటం మానేస్తారు. నేను చెప్పడం ఆపను.