జోగమ్మ వంతుకొచ్చిన షుగరు మిషను

నిమ్‌పురా రైల్వే క్వార్టర్సులో కాపురం పెట్టిన నాటి నుంచీ జోగమ్మకి బెంగపడటం అలవాటే. వర్కుషాపు వైపు ఏ చప్పుడు కాస్త గట్టిగా వినబడినా మొగుడు తవిటయ్యకేమైందోనని ప్రాణం గిలగిల్లాడేది. అలాంటి జోగమ్మకే షుగరు జబ్బని తేలింది. ఇంక చెప్పాలా!

తొంభై ఎనిమిదిలో పక్కనున్న సుభాష్‌పల్లిలో ఆరోగ్య శిబిరం పెట్టారు. వేలు పొడిచి, రక్తపుబొట్టు పట్టీ మీద వేసి, మిషను చూపించే అంకెకి అర్థమేమిటో సరోజాదేవి టీచరు ఆడవాళ్లకి నేర్పింది. చదువు రాని జోగమ్మ అంకెలు మాత్రం ఇట్టే పట్టేసింది. ఆ మిషనుని వీధికి కొన్నాళ్లని వంతులేసి ఇచ్చేవారు.

తవిటయ్య వర్కుషాపులో ప్రెషరు గేజీలు సరిచూసే ఫిట్టరు. కొత్త గేజీ ఏదొచ్చినా, మంచిదని తేలిన గేజీ పక్కన పెట్టి, రెండూ ఒకటే చూపిస్తేనే నమ్ముతాడు. ఇంటికి మిషను రాగానే వేలు ముందుకు చాపాడు.

"ముందు నాకు సూడు. నేను నిక్షేపంలాగున్నాను కదా! నా అంకె సరిగ్గా వొస్తే మిసను మంచిదే."

మూడు వందల పద్దెనిమిది వచ్చింది.

"సూసినావా? ఇది సెడిపోనాది," అని పకపకా నవ్వాడు. తన ఒళ్లే కొలమానం అనుకున్నాడు మహానుభావుడు!

జోగమ్మ నవ్వలేదు. ఈమధ్య అతను చెంబులకి చెంబులు నీళ్లు తాగుతున్నాడు. ఇనుప ముక్క గీరుకున్న కాలి పుండు మానడం లేదు. టీచరు చెప్పిన గుర్తులన్నీ తలుచుకుంటుంటే ఆమెకి ముద్ద దిగేది కాదు. ఆసుపత్రికి పోదామంటే కసురుకునేవాడు. పుండు దగ్గర స్పర్శ పోతే కాలికే ముప్పని టీచరు చెప్పింది. కాలు తీసేయాల్సొస్తే? ముందు ఏడుపొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది.

ఆదివారం పొద్దున్నే టీచరుని బతిమాలి, శిబిరం వాళ్ల ఇంకో మిషనుతో సహా ఇంటికి తీసుకొచ్చింది.

"మావా, మీ సాపులో లాగే రెండూ పక్కపక్కన ఎట్టినాను. నా రక్తం రెండింట్లోనూ ఏసినాను. ఇంచుమించు ఒకటే వొచ్చింది. ఇప్పుడు నీ ఏలు ఇలాగియ్యి."

రెండింట్లోనూ మూడు వందలు దాటింది.

తవిటయ్య వాటిని మార్చి మార్చి చూశాడు. కసురుకోలేదు. పుండున్న కాలు ముందుకి చాపాడు.

"జోగీ, పుండు నొప్పెట్టడం మానీసింది. గిల్లినా తెలీట్లేదు. మానిపోతందనుకున్నాను."

జోగమ్మ భయంగా టీచరు వైపు చూసింది. ఆమె అప్పటికే వీధిలోకెళ్లి రిక్షా కోసం కేకేస్తోంది.