చిలీకి పంపినావిడ

హోవ్‌లాండ్ కాలేజీ గ్రంథాలయంలో మెట్ల కింద ఒక ఇరుకు గది ఉండేది. పిల్లలను ఒక అర్ధ సంవత్సరం పరదేశంలో చదువుకోవడానికి పంపే వ్యవహారమంతా అక్కడే నడిచేది. ఆ గదికి అధికారి, గుమాస్తా, బంట్రోతు అన్నీ లనెట్ బ్రాటన్ ఒక్కతే.

ఆమెది ఆ ఊరే. అమెరికాలోని అయొవా రాష్ట్రపు మొక్కజొన్న చేల మధ్య పందులు పెంచే ఇంట పుట్టి, అదే కాలేజీలో చదివింది. మూడో ఏడు స్పెయిన్ వెళ్ళడానికి పెట్టె సర్దుకుంది. తీరా బయలుదేరాల్సిన వారంలో తండ్రి ట్రాక్టరు మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. పందులకు మేత వేసే దిక్కు ఇంట్లో ఇంకొకరు లేరు. సర్దిన పెట్టె విప్పేసింది. చదువయ్యాక కాలేజీలోనే టైపు చేసే ఉద్యోగం చూసుకుని, ఆ బల్లా ఈ బల్లా మారి చివరికి మెట్ల కింద గదికి చేరింది. ఆ గదిలోకి వచ్చిన పిల్లల్ని ఊరికే పోనిచ్చేది కాదు. వెళ్తానన్న వాళ్ళకు దారి చూపేది, వెళ్ళనన్న వాళ్ళను వెళ్ళేదాకా వేపుకు తినేది. నలభై ఊళ్ళ పేర్లు ఆమె నోట్లో నానుతుండేవి. తాను మాత్రం షికాగో దాటి ఎరగదు.

భోజనశాలలో వంట చేసే జొలీన్ కుబిక్ కూతురు టెసా. తల్లి అక్కడ పనిచేస్తుంది కాబట్టి కూతురికి చదువు ఉచితం. నెమ్మదైన పిల్ల, అడిగితే తప్ప మాట్లాడదు, స్పానిష్‌లో మాత్రం గలగలలాడేది. ఆ పిల్లకు చిలీ వెళ్ళమని నూరిపోసింది లనెట్. టెసా ఒక అడుగు ముందుకీ ఒక అడుగు వెనక్కీ వేస్తూ, "మా అమ్మ ఒప్పుకోదండీ" అంది. లనెట్ ఆ రోజే వంటింటి వెనక తలుపు దగ్గరకు వెళ్ళింది.

జొలీన్ దాల్చినచెక్క రొట్టెచుట్టలు పళ్ళెంలో పేరుస్తూ తల ఎత్తకుండానే అంది: "ఎందుకొచ్చావో తెలుసులే. ఇక్కడ లేని చదువు అక్కడేముంది? వెన్న రాసి పెడతారా?"

"ఎన్నాళ్ళని పుస్తకంలో చదువుతుంది జొలీన్? వాళ్ళింట్లో ఉండి, వాళ్ళతో తిని, వాళ్ళతో పోట్లాడితేనే కదా భాష వచ్చేది."

"పోట్లాడ్డానికి నేను చాలనా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఒకే బడిలో చదివిన వాళ్ళు. జొలీన్ రెండు తరగతులు కింద.

"అది ఎప్పుడూ నా కళ్ళ ముందే ఉంది," అంది జొలీన్ మళ్ళీ రొట్టెచుట్టల వైపు తిరిగి. "పక్క ఊళ్ళో వాళ్ళ అత్త దగ్గర పడుకున్నా రెండో రోజుకే మొహం వేలాడేసేది."

"అందుకే వెళ్ళాలి."

"నువ్వు వెళ్ళావేంటి ఎక్కడికైనా?"

"వెళ్ళలేదు. అందుకే చెబుతున్నాను."

జొలీన్ చేతులు తుడుచుకుని ఆమె వంక చూసింది. "సరే. నీ మాట మీద పంపుతున్నాను," అంది.

టెసా మంచులో బయలుదేరి ఎండలో దిగింది. మొదట్లో ఏడ్చింది. తర్వాత ఫోన్లు తగ్గాయి, గొంతులో హుషారు పెరిగింది. తను ఉంటున్న ఇంటి ముసలావిడ తనను "చిన్నదానా" అని పిలుస్తుందట, చేపల పులుసు నేర్పిందట. జొలీన్ ఆ కబుర్లన్నీ గరిటెతో పాటు వరుసలో నిలబడ్డ వాళ్ళందరికీ వడ్డించేది.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం టెసా తోటి పిల్లలతో సముద్రానికి వెళ్ళింది. మోకాళ్ళ లోతుకే దిగింది. వెనక్కి లాగే అల ఒకటి వచ్చి కాళ్ళ కింద ఇసుకను తీసుకుపోయింది. ఇద్దరు కుర్రాళ్ళు ఈది వెళ్ళారు కానీ అందుకోలేకపోయారు. మర్నాటి ఉదయానికి శవం దొరికింది.

ఫోన్ మొదట లనెట్‌కే వచ్చింది. కాలేజీ ప్రెసిడెంటు, పాస్టరు, లనెట్ ముగ్గురూ కలిసి వంటింట్లోకి వెళ్ళారు. అప్పుడే పొద్దుటి తిళ్ళు ముగిశాయి, గుడ్ల పెనం ఇంకా పొయ్యి మీదే ఉంది. ముగ్గురినీ ఒక్కసారి చూడగానే జొలీన్ పొయ్యి ఆపేసింది. పాస్టరు చెప్పాడు. ఆవిడ ఏడవలేదు. లనెట్ వైపు తిరిగింది.

"నీళ్ళలోనా?"

"అవును."

"దానికి ఈత రాదు. నీకు తెలుసుగా?"

లనెట్‌కు తెలుసు. వెళ్ళే ముందు పిల్లలందరినీ కూర్చోబెట్టి దొంగల గురించి, తాగే నీళ్ళ గురించి, సముద్రం గురించి చెప్పింది. టెసా ముందు వరుసలో కూర్చుని బుద్ధిగా తల ఊపింది. ఒకప్పుడు హోవ్‌లాండ్‌లో ఈత వస్తే తప్ప పట్టా ఇచ్చేవారు కాదు. కొలను పాడైపోయాక దాన్ని పూడ్చి బరువులెత్తే హాలు కట్టారు, ఆ నియమమూ దాని కిందే పోయింది. ఇవన్నీ ఆ క్షణంలో ఆమెకు గుర్తొచ్చాయి. నోట మాత్రం "తెలుసు" అన్న ఒక్క మాటే వచ్చింది.

అంత్యక్రియలయ్యాక చర్చి నేలమాళిగలో అందరికీ హామ్ సాండ్‌విచ్‌లు పెట్టారు. ఊరంతా వచ్చింది. "నువ్వేం చేస్తావమ్మా, మంచికే పంపావు" అని చాలామంది లనెట్ భుజం తట్టారు. ఆ ఓదార్పు ఒక్కొక్కటీ చెంపదెబ్బలా తగిలింది. వేసవి రాకుండానే జొలీన్ పనిలోకి తిరిగొచ్చింది. లనెట్ పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడిన రోజున, ఆవిడ గరిటె గిన్నెలో వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. సాయంత్రం వాహనాలు నిలిపే చోట ఎదురై, గొంతు పెంచకుండా చెప్పింది: "నా చేత్తో నీకు పెట్టలేను లనెట్. నా వరుసలోకి రాకు."

ఆ తర్వాత లనెట్ ఇంటి నుంచి తెచ్చుకున్న రొట్టెముక్క తన గదిలోనే తినేది.

కాలేజీ టెసా పేరు మీద విదేశీ చదువులకు బహుమతి పెడతామంది. జొలీన్ వద్దంది. ఎందుకు వద్దో ఎవరూ గట్టిగా అడగలేదు. ఏటికేడు కాలేజీలో చేరేవాళ్ళే తగ్గిపోయారు. స్పానిష్ చదివే పిల్లలు తగ్గారు, జర్మన్ ఎత్తేశారు, నాటకశాలకు తాళం పడింది. లనెట్ గదికి వచ్చేవాళ్ళూ పలచబడ్డారు. అందులో సగం ఆమె చేసిందే. ఎవరైనా వస్తే ముందు జబ్బుల గురించి చెప్పేది, తర్వాత దొంగతనాల గురించి, తర్వాత ఒంటరితనం గురించి. "వచ్చే ఏడు చూద్దాం" అనేది. పిల్లలు "సరేనండీ" అని లేచిపోయేవాళ్ళు. తలుపు మూసుకోగానే ఆమెకు ఊపిరి ఆడేది.

అలా కొన్నేళ్ళు గడిచాక యెసేనియా అనే అమ్మాయి వచ్చింది. వాళ్ళమ్మానాన్నలు గ్వాటెమాలా నుంచి వచ్చి పక్క ఊరి మాంసం కార్ఖానాలో పనిచేస్తున్నారు. ఆ పిల్ల ఆఫ్రికాలోని సెనెగల్ వెళ్ళి ఫ్రెంచ్ చదువుతానంది. లనెట్ తన పాఠం మొదలుపెట్టింది. యెసేనియా అంతా విని, "మీరు నన్ను వెళ్ళొద్దంటున్నారు, అవునా?" అంది.

"ఆలోచించుకోమంటున్నాను."

"మూడుసార్లు వచ్చాను. మూడుసార్లూ ఇదే అన్నారు."

ఆ అమ్మాయి భోజనశాలలో గిన్నెలు కడిగేది. ఆ వారంలోనే జొలీన్, ఎప్పుడూ రాని మనిషి, మెట్ల కింద గదికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ పిల్లకి ఏం చెప్పావు?"

"జాగ్రత్తలు."

"జాగ్రత్తలు కాదు. తలుపు మూశావు. వచ్చిన ప్రతివాళ్ళకీ మూస్తున్నావట. నా కూతురు పేరు చెబుతావా వాళ్ళకి?"

"ఎప్పుడూ చెప్పలేదు."

"చెప్పక్కర్లేదులే. నీ మొహం మీద రాసుంది." జొలీన్ చేతులు ఏప్రన్ జేబుల్లో పెట్టుకుంది. "నిన్ను చూస్తే ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది. చచ్చేదాకా మండుతుంది. క్షమించాను పో అనడానికి రాలేదు నేను. కానీ మా టెసా పోయింది కాబట్టి ఎవరూ పోవద్దని నేనెప్పుడైనా అన్నానా? నా బిడ్డని తెచ్చి నీ తలుపుకి గడియగా పెట్టుకుంటావా?"

"నాకు భయం జొలీన్."

"భయపడు. భయపడుతూనే నీ పని చెయ్యి."

అంతే. వెళ్ళిపోయింది.

యెసేనియాను లనెట్ తానే కారులో షికాగో విమానాశ్రయంలో దింపింది. దానికి ముందు పక్క ఊరి ఈతకొలనుకు వారం వారం తీసుకువెళ్ళి ఈత నేర్పించింది. ఆ పిల్ల తిరిగొచ్చేదాకా ఫోన్ మోగితే చాలు లనెట్ చేతిలో పని వదిలేసి పరుగెత్తేది. ఒకసారి యెసేనియా అక్కడ చక్కెర లేని టీ ఎక్కడా దొరకడం లేదని నవ్వుతూ ఫోన్ చేసింది. లనెట్ ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది. ఆ పిల్ల క్షేమంగా వచ్చింది. విమానాశ్రయంలో తల్లిని వాటేసుకుంటుంటే లనెట్ పక్కకు తిరిగి నిలబడింది. సంతోషం అనిపించలేదు. ఒళ్ళంతా అలిసిపోయినట్టనిపించింది. ఇంటికి వెళ్ళి తలుపులు వేసుకుని మర్నాటిదాకా నిద్రపోయింది.

తర్వాతి ఏడు ఇంకో ముగ్గుర్ని పంపింది. ఆ పైఏడు కాలేజీ ఆ గదిని మూసేసింది. పంపడానికి పిల్లలే లేరన్నారు, అందులో అబద్ధం లేదు. ఇప్పుడు లనెట్ రైతుల సహకార గోదాములో ధాన్యం లారీలు తూచే చోట కూర్చుంటుంది. కోతల రోజుల్లో దుమ్ము కళ్ళలో పడి మంట పుడుతుంది. జొలీన్ కిరాణా కొట్లో అప్పుడప్పుడు ఎదురవుతుంది. ఇద్దరూ తలలు ఊపుకుని ఎవరి సరుకుల బండి వాళ్ళు తోసుకుంటూ వెళ్ళిపోతారు.