రాజలింగు దిమ్మెలు

డెబ్బై ఎనిమిదిలో ఒకనాటి పొద్దున, డాక్టరు గారి ఫియట్ కారు జాకీ మీంచి జారి మెకానిక్కు రాజలింగు లుంగీ మీద కూర్చుంది. రాజలింగు బయటికి వచ్చాడు. లుంగీ రాలేదు. ములుగు రోడ్డున పోయే బస్సు సరిగ్గా అప్పుడే నెమ్మదించింది గానీ, అది గుంతను చూసి నెమ్మదించిందే తప్ప తన మొగుణ్ణి చూసి కాదని అనసూర్య ఇప్పటికీ వాదిస్తుంది.

నవ్వులు ఆ పూటతో అయిపోయాయి. భయం మిగిలింది. జాకీకి తోడుగా పెట్టిన ఇటుకలు పొడి అయిపోయాయి. అంతకు ముందు క్షణం తన తల ఉన్న చోట ఇప్పుడు జానెడు సందు కూడా లేదు. ఆనాటి నుంచి రాజలింగు కారు కిందికి దూరడం మానేశాడు. ప్లగ్గులు తుడిచేవాడు, కార్బురేటర్ కడిగేవాడు. కింద పని అనగానే కడుపునొప్పి అనేవాడు. కిందికి దూరని మెకానిక్కు దగ్గరికి ఎవరొస్తారు? షెడ్డు ముందు బండ్లు పలచబడ్డాయి.

"మా అన్న నిన్ను పవర్లూమ్ల పనికి పెట్టిస్తనంటాండు. మగ్గం మీదవడదు గద," అంది అనసూర్య.

"పానా పట్టిన చేతులే ఇవి. పోగులు అతుకుతయా?"

చివరికి ఎడ్లబండ్లు చేసే ఉప్పలయ్య దగ్గరికి పోయాడు. చక్రం విప్పేటప్పుడు ఉప్పలయ్య బండి ఇరుసు కింద కట్టె దిమ్మెలు పెడతాడు. అట్లాంటివే కారుకూ కావాలన్నాడు రాజలింగు. బాగా ఎండిన తుమ్మ దుంగలు కోసి, రెండు నిలువు, రెండు అడ్డం పేర్చి, బోల్టులు బిగించి, ఇరుసు జారకుండా పైన గాడి తీశారు. కొత్త బండికి పెట్టినట్టే పసుపూ కుంకుమా పెట్టారు.

రాజలింగుకు ఆశ పుట్టింది. "అన్నా, కొత్త బండి చేసినోడే ముందుగాల ఎక్కాలె గద. దీని కిందికి గూడ నువ్వే ముందుగాల దూరు."

"ఎక్కుడు మా ఆచారం. దూరుడు నీ ఆచారం," అన్నాడు ఉప్పలయ్య.

మర్నాడు గేరుబాక్సు కారుతోందని వకీలు సాబు అంబాసిడర్ తెచ్చాడు. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వెనక లేపి, దిమ్మెలు జరిపి, జాకీ దించారు. 'కటుక్కు'మంది. రాజలింగు రోడ్డు మీద తేలాడు.

"కట్టె సర్దుకుంటాంది. నువ్వు గూడ సర్దుకోరాదురా!" అన్నాడు ఉప్పలయ్య.

రాజలింగు కారును చేత్తో ఊపాడు, భుజంతో తోశాడు. కదల్లేదు. పడితే తానే ఆపేటట్టు అనసూర్య రెండు చేతులా బంపరు పట్టుకుంది, ఎవరూ కాదనలేదు. రాజలింగు తల పెట్టాడు, తీశాడు. మళ్లీ ఊపాడు. ఛాతీ దాకా పోయాడు. మొహం మీద నల్లటి ఇనుము. టకటక చప్పుడు! కట్టె పగులుతోందనుకున్నాడు, తన గుండేనని తెలిసే లోపే బయట ఉన్నాడు. మళ్లీ ఊపాడు.

"ఎంతసేపు ఊపుతవయ్యా? కోర్టుకు టైమైతాంది!" అని వకీలు గొంతు పెంచాడు.

ఈసారి నడుము దాకా దూరిన రాజలింగు కింద నుంచే అన్నాడు: "జర ఆగుండ్రి సార్, ఈడ తప్పైతే వాయిదా ఇయ్యరు."