ఒంటరిగా రండి

మార్కాపురంలో కౌన్సెలింగ్ గది తెరిచిన కొత్తలో, అపాయింట్‌మెంట్ తీసుకున్నవాళ్లలో చాలామంది వచ్చేవారు కాదు. ఎదుటి ఖాళీ కుర్చీని చూసీ చూసీ నాకు బాధ కూడా కలగడం మానేసింది.

ఒకరోజు గిద్దలూరు బస్సులో మరునాడు రావాల్సినవాళ్లకు మెసేజ్ పంపుతుంటే, పక్క సీటు పెద్దావిడ "ఏంది రాస్తాండావు?" అంది. చదివాను: "పదకొండుకు ఒంటరిగా రండి."

"అట్ల రాస్తే ఎవరొస్తారు తల్లీ? జ్వరమొచ్చినా తోడు లేకుండా ఆస్పత్రికి పోము. నేనిప్పుడు పక్కింటి కోడలికి తోడు పోతాండా."

గుట్టు కోసం నేనే చేర్చిన మాట అది. చెరిపేశాను. గది బయట బెంచీ వేయించాను.

మూడుసార్లు రాని పుల్లలచెరువు అమ్మాయి ఈసారి వదినతో వచ్చింది. లోపల కూర్చుని తలుపు వైపే చూస్తూ ఉంది. బయట బెంచీ మీద వదిన దగ్గింది. అప్పుడు ఆ అమ్మాయి నోరు విప్పింది.