గుడి ముందర గీసిన శిఖర దృశ్యం

ఆ రోజుల్లో కొండెక్కడానికి కాళ్ళు అక్కర్లేదు, నోరుంటే చాలని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఆళ్లగడ్డలో ఒక బడిలో డ్రాయింగ్ మాస్టరుగా చేరి మూడు నెలలు. ఉద్యోగం ఇంకా తాత్కాలికమే. దాన్ని ఖాయం చేయించుకోవాలని, అహోబిలం కొండ శిఖరం మీద కూర్చుని కింది గుడిని గీశానంటూ ఒక పెద్ద రంగుల బొమ్మ హెడ్మాస్టరు గారికి సమర్పించుకున్నాను. (గీసింది కింద గుడి ముందర, సోడా తాగుతూ.) ఆయన మురిసిపోయి, బడి వార్షికోత్సవంలో దాన్ని ఆవిష్కరించడానికి నంద్యాల నుంచి మా పటాలం మామను పిలిచారు.

పటాలం మామ అంటే మా అమ్మ తమ్ముడు. పెద్ద యుద్ధంలో మంచుకొండలెక్కి, అవతల శత్రువు ఎక్కడెక్కడున్నాడో బొమ్మ గీసి కిందికి పంపడం ఆయన పని. ఆ బొమ్మ చూసే మన ఫిరంగులు పేలేవట. నంద్యాలలో ఆయనింటి గోడల నిండా అప్పటి బొమ్మలే. ఆ తర్వాత గీసినవి ఒక్కటీ ఎందుకు లేవో అడగాలని, అంత తెలివైనవాణ్ణి గదా, నాకెప్పుడూ తోచలేదు.

మామ గుడ్డ తొలగించి బొమ్మను చాలాసేపు చూశాడు. నా వైపు వంగి చెవిలో అన్నాడు: "అల్లుడా, కొండమీంద నుంచి చూసినోనికి గోపురం నెత్తి గదరా గానొచ్చేది? నువ్వేందిరా, కింద నిలబడి మెడ ఎత్తి చూసినట్టు గీసినావు? యుద్ధంలో ఇట్ల గీసింటే మన ఫిరంగి గుండు మన నెత్తిమీందే పడింటాది."

నేను గుడ్డను మళ్ళీ బొమ్మ మీద కప్పబోయాను. "ఏమంటున్నారు సార్?" అన్నారు హెడ్మాస్టరు గారు ఆత్రంగా.

"మావోడు బాగా ఎక్కినాడు సార్," అన్నాడు మామ. "రేపు మళ్లా ఎక్కుతాడు, నాతో."

ఎక్కాను. కొంత కాళ్ళతో, ఎక్కువ పొట్టతో. పైకి చేరాక మామ సంచిలోంచి కాగితం, పెన్సిలు తీసి నా ముందు పెట్టాడు. "నా వేళ్లు ఆ మంచులోనే సచ్చిపోయినాయప్పా, పెన్సిలు నిలవదు. నీవి బాగుండాయి. కండ్లకు గానొచ్చింది గీయి, నేను చూస్తా."

గోడల సంగతి అప్పుడర్థమైంది. కానీ నేను కళ్ళు మూసుకుని, రెండు చేతులా బండను కావలించుకుని ఉన్నాను. ఒక చెయ్యి వదలమన్నాడు. "వదల్లేను మామా" అన్నాను. ఆయన కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

ఉద్యోగం ఖాయమైంది. ముప్ఫయ్యేళ్ళు పిల్లలకు "చూసింది గీయండి" అని సిగ్గులేకుండా చెప్పాను. మామ పోయి చాలా కాలమైంది. ఆ కుర్ర మాస్టరును తలుచుకుంటే నవ్వూ వస్తుంది, చెవి మెలిపెట్టాలనీ ఉంటుంది. ఇప్పుడు నా చేతులు రెండూ ఖాళీయే. కొండెక్కడానికి మోకాళ్ళే లేవు.