పోపు మాడిన పొద్దు

మిర్యాలగూడ మిల్లుల్లో వడ్లు ఉడికే ఆవిరి పొద్దున్నే మా వీధిని ముంచెత్తుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం నా టిఫిన్ సెంటర్ తలుపులు బార్లా తెరిచి గుండెనిండా పీల్చుకుంటాను. అప్పుడు సైదమ్మత్త గుర్తొచ్చి నవ్వొస్తుంది. వంటలో నాకు ఓనమాలు దిద్దించింది ఆమే. కోదాడ బస్టాండు దగ్గర ఆమె హోటల్లోనే మొదట పనికి చేరాను. చుట్టం కాకపోయినా అందరికీ ఆమె అత్తే.

ఒకరోజు పిండి పులిసి కంపు కొడుతుంటే తెలియక దాంతోనే ఇడ్లీలు పెట్టేశాను. లారీ డ్రైవర్లు ప్లేట్లు నెట్టేసి లేచిపోయారు. ఇక నాకు మూడిందనుకున్నాను. అత్త తిట్టలేదు, నన్ను ఎగాదిగా చూసింది.

"నోటితోని గాలి పీలుస్తున్నవేంది పిల్లా?"

"జలుబత్తా."

"నెలలకొద్ది ఉంటదా జలుబు? నడువ్ సూర్యాపేటకు."

అక్కడి డాక్టరమ్మ స్కాన్ తీయించి, ముక్కులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. ఫలితం వచ్చేదాకా నాకు ముద్ద దిగలేదు. క్యాన్సర్ కాదని తేలింది. అయితే ఎడమ ముక్కులో పెరిగిన గడ్డ నడిమి గోడను నెట్టి కుడివైపు దారినీ మూసేసిందట. మొహం మీద కోత లేకుండా, ముక్కులోంచే కెమెరా గొట్టం పంపి తీస్తామంది.

"కలుపు తీసినట్టే. మొదలుతో సహా తియ్యాలె, లేకుంటే మళ్ల వస్తది."

"వాసన తెలుస్తదా మేడం?"

"తెలవొచ్చు. మాటియ్యలేను."

వాసన తెలియని వంటమనిషిని ఎవరు పెట్టుకుంటారు? తిరుగు బస్సులో నేను ఏడుస్తుంటే అత్త నా తల నిమిరి, "వాసన రాకుంటే గల్లా కాడ కూసో. పైసలను వాసన సూసేదుండదు గదా" అంది. ఏడుపులోనే నవ్వొచ్చింది.

ఆపరేషన్ బాగా జరిగింది. ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కునే ఆ రోజుల్లో అత్త నా కళ్లు మూయించి ముక్కు కింద ఏదో ఒకటి పెట్టేది. ఇంగువను సబ్బన్నాను. కొత్తిమీరను కిరోసిన్ అన్నాను. హోటలంతా ఘొల్లుమనేది. నేనూ నవ్వేదాన్ని గానీ లోపల కుమిలిపోయేదాన్ని.

ఓ పొద్దున నేను అటు తిరిగి ప్లేట్లు కడుగుతున్నాను. అత్త అల్లం పచ్చడికి వెల్లుల్లి వేసి పోపు పెట్టింది. ఉన్నట్టుండి ముక్కులో ఘాటుగా ఏదో గుచ్చుకుంది.

"అత్తా, ఎల్లిగడ్డ మాడుతున్నది."

ఎన్నడూ పోపు మాడనివ్వని మనిషి, నా గురించే ఆలోచిస్తూ మూకుడు సంగతి మరిచిపోయింది. నా మాట వినగానే గరిటె వదిలేసి నన్ను కావలించుకుని ఏడ్చింది. పొయ్యి నేనే ఆర్పాను.

ఆ పోపునే పచ్చడిలో కలిపి వడ్డించింది. "మాడిందేందమ్మా?" అన్న డ్రైవరుతో, "మా పిల్లకు ముక్కొచ్చింది. సప్పుడు చెయ్యక తిను" అంది. అతను ఇంకాస్త వేయించుకున్నాడు. ఇన్నేళ్లలో ఎన్ని పచ్చళ్లు నూరానో, అంత కమ్మటిది మళ్లీ కుదరలేదు. ఆ రుచి ఇంకా నా నాలుక మీదే ఉంది.